నాలుగో లైను వాల్వు

తెల్లారుజాము నాలుగింటికి
బ్రాడీపేట ఇంకా దుప్పటి కప్పుకునుండగా
భుజాన ఇనపకడ్డీ వేసుకుని తిరిగేవాణ్ణి.
మున్సిపాలిటీ రిజిస్టర్లో దావులూరి ఏసుపాదం,
వీధిలో నీళ్ళ ఏసుపాదం.

ఆ కుర్రాడికప్పుడు ఇరవయ్యేళ్ళు.
డాబా మీద గది, ఏసీ కాలేజీలో కెమిస్ట్రీ.
వాసిఫ్ అన్న పేరు ఇంటాయన నోట్లో పడి వాసుబాబైంది.
మూడునెలలకోసారి పోలీసాఫీసుకి పోయి
ఇక్కడే ఉన్నానని సంతకం పెట్టొచ్చేవాడు.
"మా ఊళ్ళోనూ అంతే,
ఉన్నామని కాగితం చూపిస్తేనే ఉన్నట్టు."

నిద్రపట్టక మెట్ల మీద కూచునేవాడు.
నేను మూత ఎత్తి, కడ్డీ దించి, చుట్లు లెక్కపెడుతుంటే
వాడూ లెక్కపెట్టేవాడు.
అలా వచ్చింది వాడికి తెలుగు, అంకెల్తో.
నాలుగో లైనుకి పదకొండు చుట్లు.
పీకలవాగు గుడిసెలకి మూడు.
"అక్కడ మూడేనా?"
ఆర్డరు నాయనా.
"ఎవరిది?"
నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఓనాడు మెళ్ళో తాడు పైకి లాగి చూపించాడు
తుప్పుపట్టిన ఇనపముక్క. నాయనమ్మ ఇంటిది.
ఇల్లుంది, మనుషులే వేరు.
దీన్ని మీరేమంటారు?
తాళంచెవి, అన్నాను.
చెవా? అని తన చెవి పట్టుకున్నాడు.
"అయితే మీ తాళాలకి వినపడుతుందన్నమాట."
నవ్వాను నేను.
వాడు నవ్వలేదు.

ఆ ఎండాకాలం జాగర్లమూడి కాలవ అడుగంటింది.
వాగు ఆడాళ్ళు ఖాళీ బిందెల్తో ఆఫీసు గేటుకడ్డం కూచుంటే
మధ్యలో వీడు, ఒళ్ళో బిందెతో.
"పైదేశపోడివి, నీకేం పనయ్యా ఇక్కడ?"
"దాహం సార్."

ఆ రాత్రి గుడిసెలకి పదకొండు తిప్పాను.
నాకు పద్నాలుగు రోజుల సస్పెన్షను,
వాడి వీసా మీద ఎర్రసిరా.

తర్వాత ఉత్తరాలు.
కుడినుంచి ఎడమకి ఒరిగిపోయే తెలుగు అక్షరాలు.
పెళ్ళి. సబ్బుల కార్ఖానా. జైలు. మళ్ళీ సబ్బులు.
ఓ ఏడు, కాగితం నెత్తిన అచ్చుముద్ర:
మేయర్.

"ఏసుపాదం గారూ, గెలిచాను.
మా కొండకి నీళ్ళు వారానికోసారి,
ఎదుటి కొండ మీద కొత్త ఇళ్ళకి రోజూ.
నాకు కుర్చీ ఉంది, బిళ్ళబంట్రోతున్నాడు,
వాల్వు మాత్రం సైనికుడి దగ్గరుంది.
ఎన్ని చుట్లని అడిగితే ఆర్డరన్నాడు.
మీరు గుర్తొచ్చారు.
మీరు ఒక్క రాత్రయినా తిప్పారు.

పొగబాంబులంటారా, మూడేళ్ళు మిర్చియార్డు గాలి పీల్చాను,
తుమ్మొస్తుంది, అంతే."

ఆ పై ఏడు ముద్ర లేని కాగితం.
"తీసేశారు. ఊరు దాటొద్దన్నారు, దాటను.
ఆఫీసుకి తాళం వేశారు, మెట్లకి వెయ్యలేదు.
పొద్దున్నే వచ్చి కూచుంటున్నా.
అర్జీలు మెట్ల మీదికే తెస్తున్నారు జనం.
నాకిది బ్రాడీపేట అలవాటేగా."

ఇక ఉత్తరం రాలేదు.
పొట్లమొకటొచ్చింది. ఆలివ్ నూనె సబ్బులు ఆరు,
పంపినవాళ్ళ పేరు చెరిగిపోయింది.
ఒకదాన్ని కస్టమ్సోళ్ళు అడ్డంగా కోసి చూశారు.
లోపలా సబ్బే.
ఐదు అరగదీశాం. కోసింది మా మార్తమ్మ వాడనివ్వలేదు.

నాలుగో లైన్లో ఇప్పుడన్నీ అపార్ట్‌మెంట్లు, బోర్లు.
వాగు వైపు ట్యాంకరొస్తే ఇంకా కొట్లాటే.
రిటైరైన రోజు కడ్డీ అప్పగించమన్నారు.
పోయిందని రాసిచ్చి, వంద కట్టాను.
తలుపు వెనకాల ఉంది.

నాలుగింటికి మెలకువొస్తుంది.
ఏమీ లేని గాల్లో చేతులు తిరుగుతాయి
తొమ్మిది, పది, పదకొండు,
ఆగమన్నా ఆగవు.